గోడ మీద చొక్కా కొస

అడవిలోని వేట క్యాంపు తలుపు తీయగానే ఈరో సాల్మెలా కళ్లు చూడకూడదనుకున్న చోటికే పోయాయి. పొయ్యికి ఎదురు గోడ మీద వరసగా కొట్టిన మేకుల్లో చివరిదానికి అతని ఎర్రగళ్ల చొక్కా కొస వేలాడుతోంది. దాని కింద దారానికి కట్టిన ఖాళీ తూటా. ఏడాది పొగకి గుడ్డ నల్లబడింది గాని అవమానం మాత్రం కొత్తగానే ఉంది.

దుప్పి మీద గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి, పేల్చిన తూటాతో సహా గోడకి కొట్టడం ఆ క్యాంపులో తాతల నాటి ఆచారం. ఆ గోడ మీద చచ్చిపోయినవాళ్ల కొసలు కూడా ఉన్నాయి. కత్తిరించిన పూట అందరూ కడుపుబ్బ నవ్వుకుంటారు, మర్నాటికి మర్చిపోతారు. ఈరో విషయంలో మాత్రం ఎవరూ మర్చిపోలేదు. ఎలా మర్చిపోతారు? నిరుడు ఆ కొమ్ముల దుప్పి చిత్తడి మంచెకి ఎదురుగా, ఇంటి గుమ్మం నుంచి కట్టెల కొట్టు ఉన్నంత దూరంలో, అడ్డంగా నిలబడి తీరిగ్గా ఆకు నములుతోంది. అంత దగ్గరగా ఉన్నా గురి తప్పాడు.

"ఏం బావమరిదీ, నీ జెండాకి దండం పెట్టుకున్నావా?"

వెనక నుంచి బంగాళాదుంపల సంచీ భుజాన వేసుకుని టౌనో కిన్నునెన్ వచ్చాడు. ఈరో అక్క ఇల్మా మొగుడు, క్యాంపుకి పెద్ద. మనిషి కన్నా గొంతు ముందు వస్తుంది. గడప తగిలి తూలి, తమాయించుకుని, సంచీ దించాడు.

"దణ్ణం ఎందుకు బావా, నువ్వు రోజూ హారతి ఇస్తూనే ఉన్నావుగా," అన్నాడు ఈరో.

"ఈ ఏడు గరిటె నీది, చిత్తడి మంచె జాక్‌ది. ముందే చెప్తున్నా. నీ కళ్లకి దుప్పి కన్నా దుంపలే నయం. అవి కదలవు."

వెనకే సామాను మోస్తున్న లోర్నా నవ్వింది. టౌనో కూతురు. చలికాలమంతా జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతుంది. ఇవాళ ఇక్కడిదాకా తండ్రి బండి నడిపింది కూడా ఆమే. "పోనీలే మామయ్యా, నీ చేతి వంట తినొచ్చు. నాన్న వండితే మేం దుప్పుల్లా ఆకులు మేయాల్సిందే," అంది.

ఈరో కూడా నవ్వేశాడు. నవ్వు వచ్చిన మాట నిజమే. నొప్పి కలిగిన మాటా నిజమే. నలభై ఏళ్లు కలప మిల్లులో రంపాలు సానబెట్టిన చెయ్యి అతనిది. పంటికి పంటికి మధ్య వెంట్రుకంత తేడా ఉన్నా పట్టుకునేవాడు. నిరుడు ఆ గురి తప్పాక ఊళ్లో వాళ్ల రంపాలు తీసుకోవడం మానేశాడు. చెడగొట్టి ఇస్తే ఏం మొహం పెట్టుకోవాలి? అరవై ఆరేళ్లు వచ్చాయి, కళ్లు పోయాయి, చెయ్యి పోయింది, ఒప్పుకోక తప్పదు అనుకున్నాడు. తుపాకి ఈసారి తెచ్చాడు గాని, ఎందుకు తెచ్చాడో అతనికే తెలీదు. బండిలో దుప్పటి కింద పెట్టి తెచ్చాడు.

సాయంత్రం బఠాణీ సూపు తాగి అందరూ పొయ్యి చుట్టూ చేరారు. ఇదివరకు ఈ వేళకి పేకాట మొదలయ్యేది. పేకలు చూస్తే విసుగేస్తోందని రెండేళ్ల కిందట టౌనో మానేశాడు. ఆయన ఆడకపోతే ఆటలో పసలేదని మిగతావాళ్లూ మానేశారు. ఇప్పుడు ఆ చోటుని తూటాల వాదన ఆక్రమించింది. కొత్తరకం తూటాల పేరెత్తితే ఆ క్యాంపులో అన్నం పుట్టదు. తాతలు వాడిన తూటాల్లో ఏది గొప్పదనేదే గొడవ.

"నా మూడొందల శావేజ్ ముందు మీవన్నీ ఎడ్లబండ్లు," అన్నాడు జాక్ పెన్‌హేల్. టౌనోతో గనిలో పనిచేసిన మనిషి. "చెట్లు కొట్టేసిన బయల్లో ఆ చివర దుప్పి, ఈ చివర నేను. అది చప్పుడు వినేలోపల పడిపోతుంది."

"బయల్లో సరే. చిత్తడిలో నీ వేగం ఎవడికి కావాలి జాక్ అంకుల్?" లోర్నా అందుకుంది. ఆమెది తాత ఇచ్చిపోయిన ముప్పై ఐదు రెమింగ్టన్ తుపాకి. "పొదల మధ్య, ముక్కు ముందు దుప్పి. నిదానంగా పోయే బరువు గుండు కావాలి. మా తాతది తగిలితే ఇక వెతుక్కునే పని లేదు."

"తన్నుడు మాత్రం గాడిద తన్నుడు."

"నీ భుజానికి లే. నా భుజం మంచు తోసే భుజం."

టౌనో చెయ్యెత్తాడు. తీర్పు చెప్పేముందు ఎప్పుడూ అలాగే ఎత్తుతాడు. "మీ ఇద్దరూ ఎంత కొట్టుకున్నా ముప్పై-ముప్పై తర్వాతే ఎవరైనా. తన్నదు, మాంసం పాడు చెయ్యదు. ఈ అడవుల్లో ఎన్ని ఇళ్ల కడుపులు నింపిందో లెక్కలేదు."

"మరి మామయ్య ముప్పై రెండు స్పెషల్?"

"అదా? అది ముప్పై-ముప్పైకి కవల. ఒకటే పొడుగు, ఒకటే నడుము. మూతి దగ్గర ఆవగింజంత లావు. పాతకాలంలో నల్ల తుపాకిమందు కూరుకునేవాళ్ల కోసమని వేరే పేరు పెట్టి అమ్మారు. ఆ తేడా దుప్పికి తెలీదు, మీ మామయ్యకి అసలే తెలీదు." టౌనో తొడ చరుచుకున్నాడు. "ఏ తూటా అయితేనేం, దుప్పి ఉన్న వైపు కాల్చాలి కదా!"

ఈరో లేచి కాఫీ కాచాడు. యాలకుల రొట్టె ముక్కలు కోసి తలా ఒకటి పెట్టాడు. మాట్లాడితే మాట పెరుగుతుంది.

"నాన్నా, నీ గారడీ చెయ్యి," అంది లోర్నా. కిటికీ గట్టు మీద పాత కాఫీ డబ్బా ఒకటుంది. పోయినవాళ్లు వదిలేసిన విడి తూటాలన్నీ అందులోనే. జాక్ తన ఉన్ని టోపీని టౌనో కళ్ల మీదికి లాగాడు. లోర్నా ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెడుతోంది.

టౌనో వేళ్లు తూటా చుట్టూ మెల్లగా తిరిగాయి. "మెడ పొట్టి, భుజం నిటారు. జాక్ గాడి శావేజ్."

"కరెక్టే."

"ఇది లావుపాటిది, అంచు లేదు. మీ తాతది."

"కరెక్టే!"

నాలుగోది అతని వేళ్లలో చాలాసేపు నలిగింది. మూతి తడిమాడు, మళ్లీ తడిమాడు. "ముప్పై-ముప్పై," అని లోర్నా చెయ్యి చాచేలోపే దాన్ని డబ్బాలో పడేశాడు. "చూడక్కర్లేదు. నా వేళ్లకి కళ్లున్నాయి." జాక్, లోర్నా చప్పట్లు కొట్టారు. ఈరో కూడా కొట్టాడు. ఎంత ఒళ్లు మండినా విద్య విద్యే కదా.

మర్నాడు పొద్దున మంచెలు బాగుచెయ్యడానికి ముగ్గురూ బయల్దేరారు. ఈరో ఒక్కడే మిగిలాడు. కరిగించిన వెన్నలో పిండి కలిపి పక్కన పెట్టి, పొగపట్టిన గోడ తుడుద్దామని సబ్బునీళ్లు తీసుకున్నాడు. చచ్చిపోయినవాళ్ల కొసల్ని జాగ్రత్తగా ఎత్తి, వెనక తుడిచి, మళ్లీ దించాడు. తన దాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దానికి మాత్రం పొగ ఎందుకు మిగలాలి అని తూటాతో సహా పీకి, తూటాని కూడా గుడ్డతో రుద్దాడు.

ఇత్తడి మెరిసింది. మూతి దగ్గర ఏదో తేడాగా ఉంది. మామూలుగా నున్నగా ఉండాల్సిన మూతి ఉబ్బి, ఒక పక్క చీలి ఉంది. అలా ఎందుకు చీలుతుంది? తిప్పి అడుగు చూశాడు. గుండ్రంగా చెక్కిన అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ముప్పై-ముప్పై.

ఈరో తుపాకి ముప్పై రెండుది.

నిరుడు ఆ పొద్దున తన తూటాల పెట్టె ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. ఇంకా తెల్లారలేదు, అందరూ తొందరలో ఉన్నారు. టౌనో డబ్బాలో చెయ్యి పెట్టి కెలికి, గుప్పెడు తీసి తన చేతిలో పోశాడు. "ఇదిగో, నీ ముప్పై రెండులు. పద!" ఈరో చేతి తొడుగులతోనే వాటిని తుపాకిలో కూరాడు. టౌనో ఇచ్చినవాటిని మళ్లీ చూసేదేముంది? సన్న గుండు లావు గొట్టంలో పడింది. గొట్టం దాన్ని పట్టుకోలేదు. అది ఎటు పోవాలనిపిస్తే అటు పోయింది.

ఏడాదిపాటు ఆ రుజువు ఇదే గోడకి వేలాడుతోంది. వేలెత్తి చూపించి నవ్వినవాళ్లలో ఒక్కడూ తిప్పి చూడలేదు. తనూ చూడలేదు, సిగ్గుకొద్దీ.

అయినా నమ్మకం చిక్కలేదు. తుపాకి తీసుకుని ఇసుక గోతి దగ్గరికి పోయాడు. గట్టుకి కాగితం ప్లేటు గుచ్చాడు. డబ్బాలోంచి వెతికి తెచ్చిన ముప్పై-ముప్పైతో కాల్చాడు. ప్లేటు అంచున, గుండు పక్కకి తిరిగి పడుకుని దూరినట్టు, పొడుగాటి చీలిక పడింది. రెండోది ప్లేటుకి తగలనే లేదు. ఇంకో ప్లేటు పెట్టి తన పెట్టెలోని ముప్పై రెండులు మూడు కాల్చాడు. దగ్గరికి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు. మూడు రంధ్రాలూ నట్టనడుమ, ఒక చిన్న రొట్టె బిళ్ల కింద దాచేయొచ్చు.

అరవై ఆరేళ్ల మనిషి ఆ ఇసుక గోతిలో నిలబడి పెద్దగా నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చెయ్యి పోలేదు. తన కళ్లు పోలేదు. ఊళ్లో రంపాలన్నీ మళ్లీ తనవే. రాత్రి భోజనాల దగ్గర ఆ రెండు ప్లేట్లూ టౌనో ముందు పెట్టాలి. చెవులు చిల్లులు పడేలా నవ్వాలి. ఏమేం అనాలో దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కటీ భలే కుదిరింది.

పొద్దు వాలేసరికి టౌనో ఒక్కడే తిరిగొచ్చాడు. జాక్, లోర్నా ఏటి నుంచి నీళ్లు మోసుకొచ్చి ఆవిరి స్నానానికి సౌనా పొయ్యి వెలిగించే పనిలో ఉన్నారు. టౌనో బూట్లు విప్పి దీపం దగ్గర కూర్చున్నాడు. ఈరో ఆగలేకపోయాడు. ప్లేట్లు గుడ్డ కింద దాచి, ముందు తూటా అందించాడు.

"బావా, ఇదేమిటో కాస్త చదివి పెట్టు."

టౌనో వేళ్లతో తిప్పాడు. "ఏముంది, నీ పరువు. ముప్పై రెండు స్పెషల్. మళ్లీ ఎందుకు తీశావు?"

"తడమడం కాదు. అడుగున చదువు."

టౌనో దాన్ని దీపానికి ఎత్తాడు. దగ్గరికి తెచ్చాడు, దూరంగా పెట్టాడు, తల కొంచెం పక్కకి వంచాడు. "చదివాను కదరా. ముప్పై రెండు అని ఇంత అక్షరాల్తో చెక్కి ఉంటే ఇంకా ఏం చదవమంటావు?"

వేళాకోళమేమో అని ఈరో అతని మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. దీపం వెలుగు నేరుగా పడ్డ ఆ కళ్లలో, నల్లగుడ్డు మధ్య, పల్చటి పాల మీగడ తేలుతోంది.

పేకలు చూస్తే విసుగేసింది ఇందుకా? స్టీరింగు ఎవరికీ ఇవ్వని మనిషి కూతురికి ఇచ్చింది ఇందుకా? నిరుడు టౌనో కూర్చున్న మంచె ముందు నుంచే దుప్పి అడుగులు పోయాయి. "నాకేం కనబడలేదే" అన్నాడు. నిజమే చెప్పాడు. వేళ్లతో గారడీ చేసీ చేసీ అందరి కళ్లూ కప్పాడు. ఆ వేళ్లు ఒక్క చోటే మోసపోతాయి, ఆ కవలల దగ్గర. పోయాయని ఏడాదంతా ఎగతాళి చేశాడు గాని, నిజంగా పోయిన కళ్లు ఈరోవి కావు, టౌనోవి.

రేపు తెల్లవారుజామున ఈ మనిషి తుపాకి పట్టుకుని తన మంచె ఉన్న గట్టు మీదికి ఒంటరిగా పోతాడు. ఆ గట్టు కిందే లోర్నా మంచె.

దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఈరో నోటి దాకా వచ్చి ఉన్నాయి. ఒక్కటి చాలు. కానీ 'నీ పని అయిపోయింది' అని నలుగురిలో అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అతని కన్నా తెలిసినవాడెవడు? పగవాడికైనా వద్దనుకున్నాడు. ఇతను పగవాడు కూడా కాదు, బావ.

గుడ్డ కింది ప్లేట్లు తీసి పొయ్యిలో పెట్టాడు. తూటా జేబులో వేసుకున్నాడు.

"బావా, రేపు నేను కూడా చిత్తడి మంచె ఎక్కుదామనుకుంటున్నా."

"నువ్వా?"

"ఒక్కడికి ధైర్యం చాలట్లేదు. మళ్లీ తప్పితే ఇక జన్మలో తుపాకి ముట్టను. నువ్వు పక్కన కూర్చుంటే బాగుంటుంది. ఆ మంచె మీద రెండు తుపాకులు పట్టవు. నాది చాలు."

పొయ్యిలో కాగితం చిటపటమంది. టౌనో అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మంటకేసి చూస్తూ కూర్చున్నాడు.

"సరే," అన్నాడు చివరికి. "జాక్‌తో నేను చెప్తాలే, చిత్తడి మంచె మనకని." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "తూటాలు మాత్రం నీ పెట్టెలోవి పెట్టుకో. డబ్బాలోవి వద్దు."

తెల్లవారుజామున మంచు సన్నగా రాలుతోంది. దేవదారు కొమ్మలు బరువుకి వంగి ఉన్నాయి. మంచె మెట్ల మీద ఈరో ముందెక్కి, కింద నుంచి వస్తున్న చేతిని పట్టుకుని లాగాడు. టౌనో వద్దనలేదు. భుజాలు ఒరుసుకుంటూ ఇద్దరూ పలక మీద కూర్చున్నారు. ఫ్లాస్కులోంచి చెరో గుక్క కాఫీ తాగారు. చలికి ముక్కులు మండుతున్నా, ఏడాది తర్వాత ఆ పలక మీద కూర్చోవడం ఈరోకి పండగలా ఉంది.

వెలుతురు వచ్చిన కాసేపటికి టౌనో అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎడం వైపు. నీళ్లలో అడుగు. ఆగింది. మళ్లీ వేసింది." ఈరోకి ఏమీ వినబడలేదు. కానీ తుపాకి అటు తిప్పి కూర్చున్నాడు. కాసేపటికి దేవదారుల మధ్య ఒక మోడు కదిలింది. అది మోడు కాదు, కొమ్ములు. దుప్పి బయటికి వచ్చి, తల ఎత్తి, నిరుడు నిలబడ్డట్టే అడ్డంగా నిలబడింది.

"ఏదీ?" టౌనో గుసగుసగా అన్నాడు. సూటిగా దానికేసే చూస్తున్నాడు.

ఈరో బుగ్గ తుపాకి కర్రకి ఆనించాడు. వేలు తనంతట తనే నొక్కింది. చప్పుడు చిత్తడంతా తిరిగి వచ్చింది. దుప్పి రెండు గెంతులు గెంతి, మూడోది గెంతలేక, తెల్లటి మంచులో అందరికీ కనబడేలా ఒరిగిపోయింది.

"పడిందా?" అన్నాడు టౌనో.

"పడింది బావా."

"ఎక్కడ తగిలింది?"

"భుజం వెనక. ఎక్కడ తగలాలో అక్కడే."

టౌనో ఊపిరి వదిలాడు. ఖాళీ తూటా పలక మీద దొర్లితే తడిమి పట్టుకుని, వెచ్చగా ఉన్న దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. "నిరుడు నేనిచ్చింది ముప్పై-ముప్పై కదూ?"

ఈరో మంచు దులుపుకున్నాడు.

"నిన్న నువ్వు చదవమన్నప్పుడు అనుమానం వచ్చింది. తర్వాత నువ్వేదో కాగితం తగలబెట్టావు. వాసన వచ్చింది. రొట్టె చుట్టిన కాగితం కూడా మడిచి దాచుకునే పిసినారివి, ఊరికే ఎందుకు తగలబెడతావు అనుకున్నా. రాత్రంతా నిద్రపట్టలేదు. భయమేసిందిరా ఈరో. ఒప్పుకుంటే లోర్నా తుపాకి లాక్కుంటుంది. మీ అక్క గడప దాటనివ్వదు. ఇక నేనేం చెయ్యాలి? అందుకే నీ కళ్లు, నీ కళ్లు అని అరుస్తూ కూర్చున్నా."

"అవి శుక్లాలు బావా. తీయించుకుంటే పోతాయి. మా మిల్లు యజమానికి తీశారు, ఇప్పుడు మా తప్పులన్నీ కనబడుతున్నాయి ఆయనకి."

టౌనోకి నవ్వాగలేదు. నవ్వుతూనే చేతి తొడుగుతో కళ్లు తుడుచుకున్నాడు. "నిన్ననే చెబితే ఏం పోయింది నీ సొమ్ము?"

"నువ్వు చెప్పనిస్తేగా."

జాక్, లోర్నా తిరిగొచ్చేసరికి దుప్పి వాకిట్లో దూలానికి వేలాడుతోంది. లోర్నా మామయ్యని వాటేసుకుని గిరగిరా తిప్పింది. జాక్ భుజం మీద ఒక్కటి చరిచాడు. "కవలపిల్ల పనిచేసిందే!" ఈరో పొయ్యిలో పెట్టిన పాన్ కేకు పొంగి ఇల్లంతా వెన్న వాసన కొడుతోంది.

టౌనో గోడ మీది పెద్ద కత్తెర తీసుకున్నాడు. ప్యాంటులోంచి తన చొక్కా వెనక కొస బయటికి లాగి, చెయ్యి వెనక్కి తిప్పి, కరకరా కోయడం మొదలెట్టాడు.

"నాన్నా! ఏంటది? నువ్వసలు తుపాకే పట్టలేదుగా?"

"ఇవాళ్టిది కాదు. నిరుడు తప్పినదానికి."

"నిరుడు నువ్వు పేల్చనే లేదు కదరా," అన్నాడు జాక్.

"పేల్చింది వీడు. తప్పింది నేను." ఈరో జేబులోంచి ఆ చీలిన తూటా అడిగి తీసుకుని, లోర్నా చేతిలో పెట్టాడు. "నువ్వు చదువమ్మా. గట్టిగా, అందరికీ వినబడేలా. నేను చదవలేను."

లోర్నా అడుగు చూసింది. చదివింది. తర్వాత తండ్రి కళ్లలోకి చాలాసేపు చూసింది. "వచ్చే వారం ఆస్పత్రికి. నేనే తీసుకెళ్తా," అంది. టౌనో బుద్ధిగా తలూపి, మేకు తడుముకుంటూ తన కొసని తనే గోడకి కొట్టాడు. వంకరగా పడింది. ఎవరూ సరిచెయ్యలేదు.

నిన్న గోడ నుంచి పీకిన తన కొస ఈరో చేతికి వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆ మడతతోనే పొయ్యిలోంచి వేడి పెనం పట్టుకుని బల్ల మీద దించాడు. ఏడాదికి అది ఒక పనికి వచ్చింది.

తిన్నాక టౌనో కాఫీ డబ్బా బల్ల మీద బోర్లించాడు. ఇత్తడి గలగలా పరుచుకుంది. లావువి, పొట్టివి తనే వేళ్లతో ఏరి జాక్ వైపు, లోర్నా వైపు తోశాడు. ఒక్కొక్కదానికీ ఒక కథ చెబుతూ, దాని గొప్పా దీని తక్కువా వాదిస్తూ, గొంతు మళ్లీ పెద్దది చేసుకున్నాడు. చివరికి కవలల కుప్ప మిగిలింది. రెండు తీసి, రెండు చేతుల్లో నలిపి చూశాడు.

"ఇది?"

"ముప్పై," అన్నాడు ఈరో.

"ఇది?"

"ముప్పై రెండు."

"నా వేళ్లకి రెండూ ఒకటేరా," అని టౌనో మిగిలిన కుప్పంతా బావమరిది వైపు జరిపి, కాఫీ కప్పు అందుకున్నాడు.